నలభై మూడు పళ్ల చక్రం

నంద్యాల
12 ఫిబ్రవరి 2024

యోబుకు,

నీకు ఫోను వినబడదు. మీ అక్క ప్రియదర్శిని నీకు కాగితం మీదే రాసేది. ఇకమీదట నేను రాస్తాను.

ప్రియదర్శిని పోయి నాలుగు నెలలు. ఆళ్లగడ్డ ఆసుపత్రివాళ్లు ఆమె స్థానంలో హేమలత అనే నర్సును వేశారు. నిన్న ఇంటికి వచ్చింది. అహోబిలం పైన అడవిలోని చెంచు గూడేనికి ప్రియ ప్రతి గురువారం వెళ్లేది. అది ఆగిపోయింది. జీపు ప్రియ సొంతం. ఆసుపత్రికి ఆ దారిన పోగల బండి మరొకటి లేదు. అడిగితే ఇస్తానన్నాను.

గూడెంలో ఆదెమ్మ అనే అమ్మాయికి జూలై ఆఖరుకు నెలలు నిండుతాయట. మొదటి కాన్పులో నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో దించారు. బిడ్డ దారిలోనే పోయింది. ఈసారి వానల్లో కూడా బండి గూడెం దాకా పోవాలని హేమలత పట్టుదల.

ఇంకొకటి చెప్పింది. ప్రియ కొన్న పెద్ద టైర్లు ఐదు నీ షెడ్డులో రెండేళ్లుగా ఉన్నాయట. కొన్నట్టు నాకు తెలియదు. వాటిని వేయి.

టైర్లు ఒక్కటే మారిస్తే చాలదు. ఇప్పుడున్నవి ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు. అవి ముప్పై ఒకటి. పెద్ద చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, ఆ భారం ఇంజను మీద పడుతుంది, ఎక్కుడులో నిలిచిపోతుంది. కాబట్టి ఇరుసుల్లోని గేర్ కూడా మారాలి. ఇప్పుడు పెద్ద పళ్లచక్రానికి నలభై ఏడు పళ్లు, దాన్ని తిప్పే చిన్నదానికి పదకొండు. చిన్నది 4.27 సార్లు తిరిగితే బండి చక్రం ఒకసారి తిరుగుతుంది. కొత్త టైర్లకు లెక్క కడితే 4.73 వచ్చింది. అలాంటిది ఎవరూ తయారు చేయరు. దొరికేవాటిలో దగ్గరిది ముప్పై తొమ్మిదికి ఎనిమిది. 4.88. అది వెతుకు.

జీపు నా దగ్గరే ఉంటుంది. గురువారం పొద్దున నేనే తెచ్చి, సాయంత్రం తీసుకుపోతాను.

ఎడ్విన్

*

ఆళ్లగడ్డ
19 ఫిబ్రవరి

బావకు యోబు వందనాలు.

ఉత్తరం అందింది. అక్క రాస్తే రెండు పేజీలు వాళ్ల కత వీళ్ల కత ఉంటాండె. నీది చూస్తే పరీక్ష పేపరు మాదిరి ఉండాది. చివర్న మార్కులు గూడా వేసుంటే సరిపోతాండె.

టైర్లు ఉండాయి. గోనెపట్టాలు కప్పి పెట్టినా. ఎలుకలు ముట్టలే.

నీ లెక్కలో తప్పు పట్టే చదువు నాకు లేదు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏండ్లు యంత్రాల పాఠం చెప్పినోనివి. కానీ బావా, ముప్పై తొమ్మిది వద్దు. నలభై మూడుకు ఎనిమిది వేస్తాం. 5.38. ఎందుకో చెప్తా. నీ లెక్క పెద్ద టైర్లేసిన జీపును మళ్లీ పాత జీపు మాదిరి చేస్తాది. అంతే. పాత జీపుకే ఆ కొండ కష్టం. పైగా ఈ టైర్లే బరువు. వెనక ఒక మనిషిని పండబెట్టి, ఇద్దర్ని ఎక్కించుకొని, వానలో రాళ్ల మీద పోవాలంటే ఇంజనుకు ఇంకా వీలు ఇయ్యాల. లేకుంటే క్లచ్ కాలిపోతాది.

దానికి ఒక ఇబ్బంది ఉండాది. నలభై మూడు వేస్తే కొండ మీద సుఖం, రోడ్డు మీద నరకం. యాభై దాటితే ఇంజను మొత్తుకుంటాది. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ అట్ల తోలితాంటే ఏడాది తిరక్కముందే ఇంజను విప్పాల. అందుకని జీపు ఈడ్నే నా షెడ్డులో ఉండనీ. హేమలత తోలుతాది, ఆ పిల్లకు వచ్చు. నువ్వు బస్సుకు రా, చూసి పో.

ఆలోచన చెయ్యి.

యోబు

*

నంద్యాల
26 ఫిబ్రవరి

యోబుకు,

ఆలోచించాను. వారానికి రోడ్డు ఎనభై కిలోమీటర్ల పైన. కొండ దారి పద్దెనిమిది. ఏ గేర్ అయినా రెండింటికీ సరిపడాలి. ముప్పై తొమ్మిదే సరి.

జీపు ఇంటి ముందు ఉండాలి. పొద్దున తలుపు తీస్తే అది కనబడుతుంది. దీనికి మించి వివరం రాయలేను.

ఎడ్విన్

*

ఆళ్లగడ్డ
21 మార్చి

బావకు వందనాలు.

ముప్పై తొమ్మిది కోసం కర్నూలు తిరిగినా, పాణ్యం తిరిగినా. వెనక ఇరుసుకు దొరుకుతాది, ముందరిదానికి దొరకదు. రెండూ ఒకటే ఉండాల. లేకుంటే నాలుగు చక్రాలూ కలిపినప్పుడు ముందరివి ఒక దూరం పోతామంటాయి, వెనకవి ఒక దూరం పోతామంటాయి, నడుమ గేర్‌పెట్టె పగులుతాది. అది నీకు నేను చెప్పేదేంది.

బనగానపల్లె కాడ ఒక మామిడి తోటలో పాత మిలిటరీ జీపు ఉండాదంటే పోయినా. చక్రాలు లేవు, సీట్లు లేవు. ఇంజను ఉండాల్సిన చోట కోళ్లు కాపురం పెట్టినాయి. తోట ఆయప్ప పెద్దమనిషి, మంచం మీద కూర్చొని ఉండాడు. ఇరుసులు రెండూ కావాలంటి. నా చెవి కాడికొచ్చి అరిచె. "ఇరుసులు తీస్తే బండి కూలబడతాది. నా కోళ్లు యాడ పడుకోవాలప్పా?" అన్నె. రాళ్లు పేర్చి నిలబెట్టిస్తానంటి. "రాళ్ల మీద పండుకుంటే గుడ్లు పెడతాయా? పెట్టకపోతే నువ్వొచ్చి పెడతావా?" అన్నె. పెడతానంటి. నవ్వి ఇచ్చినాడు.

ఇంటికి తెచ్చి విప్పి పళ్లు లెక్కపెట్టినా. ముందర నలభై మూడు, వెనక నలభై మూడు. ఒక్క పన్ను విరగలే. నూనెలో మునిగి ఉండి కొత్తవాటి మాదిరి మెరుస్తాండాయి.

ఇంక నీకొక మాట చెప్పాల. అక్క చెప్పొద్దన్నాది, మూడేండ్లు చెప్పలే. ఆమె లేదు గాబట్టి చెప్తాండా. తప్పైతే నా మీద పడనీ.

అక్క జీపు గూడెందాంకా ఒక్కసారి గూడా పోలే. వాగు దాటినాక రాతిమెట్టు ఉండాది. కింద తగిలి ఆడ్నే నిలిచిపోతాండె. అక్క ఆడ దిగి, మందులపెట్టె భుజానికి తగిలించుకొని నడిచిపోతాండె. నువ్వు గూడెందాంకా బండే పోతాందనుకుంటివి. అట్లనే అనుకోనీ అన్నాది.

యోబు

*

నంద్యాల
11 ఏప్రిల్

యోబూ,

ఎంత దూరం. పెట్టె బరువెంత. ఎన్నాళ్లు.

ఎడ్విన్

*

ఆళ్లగడ్డ
18 ఏప్రిల్

బావా,

గూడెం పెద్దాయన కొండయ్య తేనె అమ్మేదానికి ఆళ్లగడ్డకొచ్చినాడు. ఆయప్ప గొంతు నాకు వినబడేంత పెద్దది. కూర్చోబెట్టి అడిగి రాస్తాండా.

రాతిమెట్టు నుంచి గూడేనికి మూడు కిలోమీటర్లకు తక్కువ లేదు. అంతా ఎక్కుడే. పెట్టె తొమ్మిది కిలోలు, నా షెడ్డు కాటాలో నేనే తూచినా ఒకసారి. మూడేండ్లు. వానల్లో వాగు మీదికొచ్చిన వారాలు మాత్రం పోలే.

కొండయ్య మాటల్లోనే రాస్తా. "పది గంటలకు మెట్టు కాడ దిగుతాది. మా కుక్కలు మొదలుపెడతాయి. గంటంబావులో గూడెం చేరుతాది. వచ్చినాక నీళ్లు గూడా తాగదు, ముందు ముసలోళ్లకు సూదులేస్తాది. పెట్టె నేను మోస్తానమ్మా అంటే, నీ తేనె నువ్వు మొయ్యి కొండయ్యా, నా సామాను నాకు బరువు గాదు అంటాది. మాకు పందెం ఉంటాండె, ఈ వారం రాదు అని. పందెం కాసినోడల్లా ఓడిపోయె."

పోయిన ఆగస్టుదే ఆఖరిసారి. ఒంట్లో జబ్బు ముదిరినాక గదా అది. దారిలో రెండుచోట్ల కూర్చున్నాదంట. అంతే. మళ్లీ లేచి నడిచినాదంట.

టైర్లు ఎందుకు కొన్నాదో ఇప్పుడు నీకు తెలిసె. కొన్నాక, గేర్ గూడా మార్చాలక్కా అంటి. మీ బావను అడిగి చెప్తా అన్నాది. రెండు వారాలకు వచ్చి, వద్దులే యోబూ, అట్ల మూలకు పెట్టు అన్నాది. ఎందుకో నాకు తెలీదు.

యోబు

*

నంద్యాల
25 ఏప్రిల్

యోబూ,

ఎందుకో నాకు తెలుసు. ఫిబ్రవరిలోనే రాయవలసింది. రాయలేదు.

రెండేళ్ల క్రితం, జూన్ నెల. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పెద్ద టైర్లు వేస్తే ఇరుసులో ఏ గేర్ వేయాలని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. పేపరు వెనక లెక్క కట్టాను. రోజూ రోడ్డు ఎనభై కిలోమీటర్లు. కొండ వారానికి ఒక్కసారి. పెద్ద టైర్లు వేస్తే, వాటికి తగ్గ కొండ గేర్ వేస్తే, సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం. కాబట్టి అక్కరలేదని తేల్చి కింద గీత గీశాను. కాగితం చేతికిచ్చాను. చదివింది. "సరే, నువ్వు చెప్పాక ఇంకేముంది," అంది. పేపర్లు దిద్దడం మళ్లీ మొదలుపెట్టాను.

ఆమె నన్ను ఒక్క మాట అంటే అడిగి ఉండేవాణ్ణి. అనలేదు. నేను ఆమెను ఒక్క మాట అడిగితే చెప్పి ఉండేది. అడగలేదు.

ఈ రోజు మళ్లీ కట్టి చూశాను. లెక్కలో తప్పు లేదు. ఆమె ఇంటికి రావడం మాత్రమే అందులో ఉంది. గూడేనికి వెళ్లడం అందులో లేదు.

మూడు కిలోమీటర్లు. తొమ్మిది కిలోలు. వారం వారం. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని వంటగదిలోకి వెళ్లేది. ఏమైనా విశేషమా అంటే ఏమీ లేదు అనేది. అలాంటి మనిషి పక్కన ఇరవై తొమ్మిదేళ్లు ఉన్నాను. ఆకాశం వైపు చూడకుండా ఆరుబయట పడుకున్నవాణ్ణి నేను.

నలభై మూడు వేయి. జీపు అక్కడే ఉండనీ. మే ఆరు, సోమవారం తెస్తాను. నువ్వు బిగిస్తుంటే చూడాలని ఉంది. అడ్డం రాను.

ఎడ్విన్

*

నంద్యాల
9 మే

యోబూ,

నిన్న బస్సులో ఇల్లు చేరాను. చేతులకు ఇంకా నీ షెడ్డు నూనె వాసన ఉంది.

ముప్పై ఏళ్లు పిల్లలకు గేర్ల పాఠం చెప్పాను. నల్లబల్ల మీద రెండు వృత్తాలు గీసి, అవి తాకే చోట ఒక చుక్క పెట్టేవాణ్ణి. ఆ చుక్క నిజంగా ఎలా ఉంటుందో ఈ మూడు రోజుల్లో చూశాను.

పళ్లకు ఎర్రరంగు పూసి, చేత్తో తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో నాకు చూపించావు. మచ్చ పన్ను అంచుకు ఉంది. విప్పావు. తల వెంట్రుకంత పలచని రేకు ఒకటి లోపల పెట్టి మళ్లీ బిగించావు. మచ్చ కొంచెం జరిగింది. మళ్లీ విప్పావు. వెనక ఇరుసుకే పదకొండుసార్లు. నేను ఆరోసారికే చాలనుకున్నాను. పదకొండోసారి మచ్చ పన్ను మధ్యకు వచ్చి, చిక్కుడు గింజ ఆకారంలో, ప్రతి పన్ను మీదా ఒకేలా కూర్చుంది. నేను వంగి చూస్తుంటే "ఏంది బావా, పెండ్లిచూపుల్లో కూర్చున్నట్ల చూస్తాండావ్" అన్నావు. నా పెళ్లిచూపుల్లో నేను సరిగా తలెత్తనే లేదు. ఇప్పుడు చూశాను.

ఒక విషయం నీకు చెప్పలేదు. నలభై మూడునూ ఎనిమిదినీ రెండింటినీ భాగించే అంకె ఒకటి తప్ప లేదు. అందువల్ల చిన్న చక్రంలోని ఏ పన్నయినా, పెద్ద చక్రంలోని నలభై మూడింటినీ వరసగా కలుసుకున్న తర్వాతే మొదటిదాని దగ్గరకు తిరిగి వస్తుంది. ఏ రెండు పళ్లూ ఒకదాన్నొకటి అరగదీసుకోవు. అన్నీ అన్నింటితో పంచుకుంటాయి. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఏటా చదివి పేజీ తిప్పేవాణ్ణి.

ఇంకొకటి. నాలుగు చక్రాల తక్కువ గేర్‌లో, మొదటి గేర్‌లో, ఇంజను యాభై మూడు సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. యాభై మూడు చుట్ల బలం ఒక్క చుట్టులో. ఆ అంకె రాసుకుని చాలాసేపు చూశాను.

చివరి రోజు చక్రాలు గాలిలో లేపి ఇంజను నడిపినప్పుడు, నువ్వు అరచెయ్యి ఇరుసు మీద ఆనించి కళ్లు మూసుకున్నావు. "పాడుతాండాది, ఏడవలే" అన్నావు. నాకు రెండు చెవులూ ఉన్నాయి. నాకు ఆ తేడా తెలియలేదు.

ఎడ్విన్

*

ఆళ్లగడ్డ
24 జూన్

బావకు వందనాలు.

ఈసారి ఉత్తరం అక్క ఉత్తరాలంత పొడుగు ఉండాది. నీకు ఒంట్లో బాగుండాదా అని భయమేసె.

జీపును మూడునూర్ల కిలోమీటర్లు మెల్లగా తోలినాం. నూనె మార్చినా. పాత నూనెలో ఇనుపపొడి లేదు. రెండు వారాలు హేమలత కిందిదారిలో నేర్చుకున్నాది. ఆ పిల్ల గట్టిది. ముందరి చక్రం గుంటలో పడితే నేను చెయ్యెత్తి ఆపమంటి. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మామా, నీకు సద్దు వినబడదు, నాకు నువ్వు కనబడవు, ఇద్దరమూ గమ్మునుందాం" అని సైగలతో చెప్పి తోలుకొని పోయె.

రాతిమెట్టు ఇంకా ఎక్కించలే. వానలు పడినాయి, వాగులో నీళ్లు మోకాలి కింద ఉండాయి. జూలై పద్దెనిమిది గురువారం మెట్టు ఎక్కుతాది. నేను పోలేను, ఆ వారం ట్రాక్టరు ఒకటి విప్పాల, నాట్ల కాలం, రైతు నెత్తిన కూర్చున్నాడు. నువ్వు పో. పక్కన కూర్చొని లెక్కలు మాత్రం చెప్పొద్దు.

ఎక్కితే ఎట్ల ఎక్కిందో రాయి. ఎక్కకపోతే గూడా రాయి.

యోబు

*

నంద్యాల
20 జూలై

యోబూ,

ఆదెమ్మకు ఆడపిల్ల. గురువారం సాయంత్రం అయిదు దాటాక, ఆళ్లగడ్డ ఆసుపత్రిలో. ఇద్దరూ బాగున్నారు. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. దారి సంగతి మాత్రం నేనే రాయాలి, రాయమన్నావు కాబట్టి.

పొద్దున వాన పడి వెలిసింది. వాగు దాటాం. రాతిమెట్టు ముందు హేమలత బండి ఆపింది. నేను దిగి చూశాను. నడుము ఎత్తు రాయి, ఏటవాలుగా, తడిసి నల్లగా ఉంది. దాని పక్కన జీపు నిలిపేంత చోటు, నేల గట్టిపడి ఉంది. మూడేళ్లు ఎవరు అక్కడ నిలిపారో నాకెవరూ చెప్పనక్కరలేదు.

"సార్, ఎక్కండి. కింద నిలబడి చూస్తాండారంటే నాకు ధ్యాస అటే పోతాది," అంది హేమలత.

ఎక్కాను. తక్కువ గేర్ వేసింది. క్లచ్ వదిలింది. యాక్సిలరేటరు తొక్కలేదు. ముందరి చక్రం రాయిని పట్టుకుంది. ఇంజను గొంతు పెంచుతుందని కాచుకున్నాను. పెంచలేదు. ఇంటి ముందు ఇంజను ఆపకుండా నిలిపినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. ముందుభాగం లేచింది, ఆకాశం కనబడింది, ఆకులు కనబడ్డాయి, వెనక చక్రాలు కూడా రాయి మీదికి వచ్చాయి. కింద ఎక్కడా తగల్లేదు. ఒక చీమ నా పక్కనున్న కొమ్మ మీద పోతోంది. దానికీ మాకూ వేగంలో పెద్ద తేడా లేదు. యాభై మూడు అన్న అంకె నాకు తెలుసు. తెలిసి కూడా ఒళ్లు గగుర్పొడిచింది. నువ్వు పెట్టిన రేకులన్నీ ఆ క్షణంలో పని చేస్తున్నాయి.

మెట్టు నుంచి గూడేనికి ముప్పై అయిదు నిమిషాలు.

గూడెంలో కుక్కలు మొరిగాయి. కొండయ్య ఎదురొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరును తన్ని చూశాడు. "ఇంత పెద్ద కాళ్లు పెట్టినాక ఎక్కక ఏం చేస్తాది," అన్నాడు. తర్వాత నేను ఎవరో హేమలత చెప్పింది. అతడు తలగుడ్డ తీశాడు.

ఆదెమ్మకు నెలలు నిండడానికి ఇంకా పది రోజులుందనుకున్నాం. మేము పోయేసరికి తెల్లవారినప్పటి నుంచి నొప్పులు. హేమలత లోపలికి వెళ్లి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "తొందరగా పోవాల. బిడ్డ అడ్డం ఉండాది," అంది. వెనక పరుపు వేసి ఆదెమ్మను పడుకోబెట్టారు. తల్లి ఒక పక్క, ఇంకొక ఆమె ఒక పక్క పట్టుకున్నారు. ముందర ఆదెమ్మ భర్త. నేను వెనక మెట్టు మీద నిలబడి పట్టుకుంటానన్నాను.

"సార్, మీకు చోటు లేదు. మీరు జారితే నేను ఇద్దరు రోగుల్ని చూసుకోవాల," అంది హేమలత.

సరేనన్నాను. కొండయ్య నాతో నడుస్తానన్నాడు.

ఆ దారి నేను నడిచాను, యోబూ. దిగుడే, చేతిలో ఏమీ లేదు, అయినా అడుగు అడుగు చూసుకుని దిగాను. వెదురు పొదల మధ్య ఒక్క మనిషికే దారి. ఒకచోట రాయి మీద వేరు పట్టుకుని దిగాలి. ఆ వేరు నున్నగా అరిగి ఉంది. చేత్తో తడిమి చూశాను. కొండయ్య ముందుకు పోయి, నా కోసం ఆగి, అటు తిరిగి నిలబడ్డాడు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

కాలిదారి అడ్డంగా వస్తుంది కాబట్టి, జీపు నొప్పుల మనిషితో మెల్లగా చుట్టు తిరిగి వచ్చేసరికి మేము మెట్టు పైన ఉన్న గుట్ట అంచుకు చేరాం. అక్కడ నుంచి కింద మెట్టూ వాగూ కనబడతాయి. జీపు మెట్టు మీదికి వచ్చింది. ముందుభాగం కిందికి వాలింది. మళ్లీ వాన మొదలైంది, రాయి మీద నీళ్లు పారుతున్నాయి. లోపల అయిదుగురు, వారిలో ఒకరికి రెండు ప్రాణాలు. బండి జారితే ఆపేదేమీ లేదు.

"పోదాం సారూ, తడుస్తాండావు," అన్నాడు కొండయ్య.

కొంచెం ఆగమన్నాను.

నేను దాని వెనక ఎర్రదీపాల వైపే చూస్తున్నాను. హేమలత బ్రేకు తొక్కితే అవి వెలగాలి, తడి రాయి మీద తొక్కితే బండి జారుతుంది. మెట్టు పొడుగునా ఒక్కసారీ వెలగలేదు. బండిని గేరే పట్టుకుని ఉంది. ఒక్కొక్క చక్రమే దిగి, వాగులోకి వెళ్లి, అవతలి గట్టు ఎక్కి, చెట్లలోకి పోయింది.

ఎడ్విన్